కడిగిన కాళ్లు

ఆ రోజు మేం వర్గల్‌కు బయల్దేరలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. సిద్దిపేట నుంచి కొండపాక దాకా పెద్ద రోడ్డు మీద సైకిళ్లు తొక్కి, అక్కడ లోపలి ఊళ్లకు మళ్లి, గుట్టల మధ్య తిరిగి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలనుకున్నాం. మొక్కు లేదు, పని లేదు. తొక్కాలనిపించింది, అంతే.

మేం అంటే నేనూ, మా వదినా. వదిన మా ఆయనకు అక్క. గాజుల దుకాణం నడుపుతుంది. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, నడక విసుగని సైకిలు కొనుక్కుంది. ఒక్కతే తొక్కితే జనం నవ్వుతారని నాతోనూ కొనిపించింది. ఇద్దరం తొక్కితే ఇంకా ఎక్కువ నవ్వారు. నలభై దాటిన ఆడవాళ్లం తెల్లవారుజామున కోమటి చెరువు కట్ట మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. ఒకసారి నేర్చుకున్నాక ఇంట్లో కాలు నిలవలేదు. నెలకో ఆదివారం పొద్దున్నే రొట్టెలు కట్టుకుని ఏదో ఒక దిక్కు పోవడం అలవాటైంది.

లారీల వాళ్లకు దూరం నుంచే కనబడాలని వదిన ఇద్దరికీ ముదురు పసుపుపచ్చ బట్టతో పంజాబీ డ్రెస్సులు కుట్టించింది. నా నుదుట కుంకుమ ఎప్పుడూ ఉండేదే. వెనక క్యారియర్ మీద తువ్వాలుతో కట్టిన మూట. దానికి తోడు ఆ రోజు కొత్త బూట్లు తొడుక్కున్నాను. కొండపాక దాటి రెండు ఊళ్లు పోయేసరికి కుడి మడమ మీద బొబ్బ లేచింది, గుట్ట ఎక్కేసరికి చిట్లింది.

మాఘమాసపు ఎండ. మోదుగులు అప్పుడప్పుడే ఎర్రబారుతున్నాయి. కింద యాసంగి నాట్లు పచ్చగా, పైన బోడి బండలు. ఆ ఎత్తు తొక్కడం నా వల్ల కాలేదు. దిగి తోశాను. పైకి చేరాక హ్యాండిలుకు చేయి తాకించి కళ్లకద్దుకుని "తల్లీ, నీ దయ" అన్నాను. నాకది నోటి అలవాటు. నీళ్లు దొరికినా, నీడ దొరికినా, ఎదురుగాలి తగ్గినా అనేస్తాను.

"గుట్టకు గూడ దండం పెడుతున్నవా?" అంది వదిన. "నువ్వెక్కినందుకు అదే నీకు పెట్టాలె."

నేను నవ్వి బూట్లు విప్పాను. లేసులు ముడేసి హ్యాండిలుకు వేలాడదీసి, వట్టి కాళ్లతో సైకిలెక్కి దిగువకు జారిపోయాను. గాలి చెవుల్లో హోరుమంది. అంత సుఖం నాకెందుకు ఇచ్చావమ్మా అని మళ్లీ అనుకున్నాను.

గుట్ట దిగగానే ఒక ఊరు. రోడ్డు పక్కన టెంటు, టెంటు కింద పెద్ద వంట గంజులు, నీళ్ల బిందెలు, పది పన్నెండు మంది ఆడవాళ్లు. మమ్మల్ని చూడగానే ఒకావిడ కేకేసింది. "వచ్చిన్రు, వచ్చిన్రు!"

వసంత పంచమి దగ్గరపడితే ఆ వైపు ఊళ్లవాళ్లు పసుపు బట్టలు కట్టుకుని వర్గల్ సరస్వతమ్మ దగ్గరికి కాలినడకన పోతారు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు వాళ్ల కాళ్లు కడిగి, అన్నం పెట్టి పంపుతారు. ఇది నాకు తెలియనిది కాదు. మా గల్లీలో బోనమెత్తుకున్న వాళ్లు గడప ముందుకు వస్తే నేనూ బిందెడు నీళ్లు కాళ్ల మీద పోసి దండం పెట్టినదాన్నే. అయినా ఆ పిలుపు మా కోసమని నాకు వెంటనే తట్టలేదు. వదినకు తట్టింది కాబోలు, కిసుక్కున నవ్వింది.

ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల పిల్ల బిందె పట్టుకుని ముందుకు వచ్చింది. తలస్నానం చేసిన తడి జుట్టు. ఆమె కొంగు పట్టుకుని అయిదేళ్ల పాప.

"కాలు కింద పెట్టు మాతా" అంది.

నా ఒక కాలు నేల మీద ఉంది, ఇంకోటి పెడల్ మీద. దాన్నీ దించాను. చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోపే నీళ్లు పడ్డాయి. కుండలో రాత్రంతా ఉన్న నీళ్లేమో, చిట్లిన బొబ్బ మీద మంచులాగా తగిలాయి. కళ్లు మూతలు పడ్డాయి. ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఇంకో చెంబు పోయించుకున్నాను. ఆ పిల్ల వంగి తన కొంగుతో నా పాదాలు తుడిచింది, పసుపు రాసింది, తల ఆనించింది. కిందికి కారిన నీళ్లను దోసిట్లో ఎత్తి పాప నెత్తిన చల్లింది. ఆ నీళ్లలో దారి దుమ్ముంది, నా మడమ రక్తమూ ఉంది.

"అమ్మకాడికి ఎప్పటికల్ల చేరుతరు మాతా?" అంది తలెత్తి. "నిన్న పొద్దూకినసంది ఒక్కపొద్దున్న. నీళ్లు గూడ ముట్టలే. ఇయ్యాల మొదట వచ్చినోళ్ల కాళ్లు కడుగుత, ఆ కాళ్లు అమ్మ మెట్లెక్కినంకనే ఎంగిలి పడుత అని మొక్కిన. మా బిడ్డకు మాట రాలేదు. బడికి తోల్కపోతె, మాట వచ్చినంక తీస్కరా అన్నరు."

పాప నా హ్యాండిలుకు వేలాడుతున్న బూట్లను చూస్తోంది.

"అమ్మా, మేం వర్గల్ పోతలేం" అన్నాను.

గంజులో గరిటె తిప్పుతున్న ఆవిడ గరిటె అలాగే పట్టుకుని అడిగింది. "పోతలేరా? మరేడికి పోతున్రు?"

"ఊకనే. తిరగనీకి వచ్చినం."

"ఊకనేనా! గీ ఎండల, గీ గుట్టలల్ల, ఊకనే తిరుగుతున్రా?"

"సిద్దిపేటోళ్లకు ఇంట్ల పని లేనట్టుంది" అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేను తల వంచుకుంటే పసుపు పూసిన నా పాదాలే కనబడ్డాయి. ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల నవ్వలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాళ్ల అత్త వైపు చూసింది. అత్త గోడ నీడన కూర్చున్న ముసలమ్మ.

"ఏమైతదే, నడిచెటోళ్లు ఎనుక వస్తున్రట. వాళ్లయి గూడ కడుగు" అంది గరిటె ఆవిడ.

"మొదటి కాళ్లని మొక్కింది. రెండో కాళ్లని మొక్కలే" అంది ముసలమ్మ. గొంతులో కోపం లేదు. "కడిగిన కాళ్లు కడిగినయే. గాళ్లు పోతె పోయిండ్రు, లేకుంటె లేదు. మల్లొక నాడు పడుదువు ఒక్కపొద్దు."

మళ్లీ ఒకనాడు. ఆ పిల్ల పెదాలు ఎండి చిట్లి ఉన్నాయి. నేను ఒక్క మాట ముందు అని ఉంటే, ఆ నీళ్లు చల్లగా లేకపోయి ఉంటే.

వదిన నా చెవి దగ్గరకు వంగింది. "పోతమని చెప్పి పోదాం పా. ఒక గంటాగి ఫోన్ చేసి ఎక్కినమంటె అయిపాయె. ఆమె తింటది, మనం ఇంటికి పోతం. దేవునికి ఎర్కలేదా ఎవలి తప్పు లేదని?"

వదిన మంచి మనిషి. ఆ పిల్ల ఆకలి తీరితే చాలని అన్న మాటే అది. కానీ ఆ పాప నెత్తి మీద నీళ్లు ఇంకా ఆరలేదు.

"పోత" అన్నాను పైకి. "వర్గల్ పోత. మెట్లెక్కి నీకు ఫోన్ చేస్త, నంబరు చెప్పు."

ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. అంత సంతోషం నా వల్ల రావలసింది కాదు. మాత పోయి అక్కనయ్యాను అప్పటినుంచి. "తిని పోవాలె అక్కా, శాన దూరం తొక్కాలె" అని విస్తరి వేసింది. నేను వద్దన్నాను. తినకపోతే దారిలో పడిపోతావని వదిన కసిరింది. నిన్నటినుంచి పచ్చి మంచినీళ్లు తాగని మనిషి తన చేత్తో నాకు పులిహోర వడ్డించింది, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ. నేను తిన్నాను. ప్రతి ముద్దకు ముందు దండం పెట్టుకునేదాన్ని, ఆ రోజు ఆ దండమూ పెట్టుకోలేదు.

బయల్దేరినప్పుడు పొద్దు బాగా పైకి రాలేదు. మధ్యాహ్నం గుడి తలుపులు వేసేలోపు చేరొచ్చనే లెక్క. లోపలి దారుల మీద గుంతలు, కంకర, మలుపు మలుపుకూ కుక్కలు. పెద్ద రోడ్డు కలవడానికి ముందే వదిన సైకిలుకు తుమ్మ ముల్లు దిగింది. ట్యూబు విప్పి చూస్తే రెండు చోట్ల. అతుకు వేయడం వదిన వీడియోల్లో చూసింది గానీ, తన చేత్తో ఎప్పుడూ వేయలేదు. ఒకసారి వేసింది, ఊడింది. రెండోసారి వేస్తుంటే షుగరు తగ్గి చెమటలు పట్టాయి. పల్లిపట్టీ తినిపించి వేపచెట్టు నీడన కూర్చోబెట్టాను.

అప్పుడే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కూరగాయలు దింపి ఖాళీగా పోతున్నాడు డ్రైవరు.

"ఏడికమ్మా?" అన్నాడు.

"వర్గల్" అన్నాను.

"గాడికే పోతున్న. సైకిళ్లు ఎక్కియ్యున్రి, మీరు గూడ ఎక్కున్రి."

వదిన అప్పటికే లేచింది. ఇద్దరం కలిసి ఆమె సైకిలు ఎక్కించాం. తర్వాత నా సైకిలు వైపు చూశాడు. నేను హ్యాండిలు వదల్లేదు.

"నేను తొక్కుకుంట వస్త" అన్నాను.

"నీకేమన్న పిచ్చా?" అంది వదిన.

"కాళ్లు కడిగించుకున్న కదా వదినా. బండెక్కి పోతె ఏం బాగుంటది?"

నాకు నియమాలంటే చిన్నప్పటినుంచీ పట్టుదల. నేను బడికి పోలేదు. ఇంట్లో బాపు పక్కన కూర్చుని వ్రతకథల పుస్తకాల్లో అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ కథల్లో ఒక్క నియమం తప్పితే ఇల్లంతా కూలుతుంది, తిరిగి పట్టుకుంటే అన్నీ తిరిగి వస్తాయి. చదువంటే నాకు అదే, దేవుడంటే కూడా అదే. ఆ రోజు నా మొక్కు కాని మొక్కుకు నియమం నేనే పెట్టుకున్నాను. పెట్టుకుని, లోలోపల కొంచెం పొంగిపోయాను కూడా. నేను చేసిన తప్పును ఈ కాళ్లతోనే కడుక్కుంటున్నానని.

ఆటో దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను తొక్కాను. ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్ద రోడ్డు మీద లారీల గాలికి సైకిలు పక్కకు ఊగింది. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి తోశాను. వట్టి కాళ్ల కింద తారు కాలింది. ఆ మంట నాకు బాగుందనిపించింది, అది కూడా చెప్పాలి. తొక్కుతున్నంతసేపూ ఆ పిల్ల ఆకలి గుర్తుంది. కానీ నా పుణ్యం దాని ముందు కూర్చుంది.

వర్గల్ గుట్ట కింద వదిన ఎదురు చూస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"మూసిన్రు" అంది. "నేను వచ్చినప్పుడు తెరిచే ఉండె. పైకెక్కి దండం గూడ పెట్టుకున్న. ఇగ నాలుగు గొట్టినంకనే తెరుస్తరంట."

సైకిలు స్టాండు వేయడం కూడా చేతకాలేదు. గోడకు ఆనించి, ఫోన్ తీశాను. మొదటి రింగుకే ఆ పిల్ల ఎత్తింది.

"ఎక్కినవా అక్కా?"

"లేదమ్మా. తలుపులు మూసిన్రు. ఆలస్యమైంది. నాలుగింటికి తెరుస్తరు."

అటువైపు టెంటు కింది సందడి వినబడింది. గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం. నడిచివచ్చేవాళ్లు అప్పటికి ఆ ఊరు చేరి తింటున్నట్టున్నారు.

"సైకిల్ ఖరాబైందా?" అంది.

"మా వదినది పంక్చరైంది."

"అయ్యో. ఆటోలు దొరకలేదా?"

"దొరికింది. మా వదిన ఎక్కింది. నేను ఎక్కలే. కాళ్లు కడిగినవు గదా, తొక్కే రావాలె అనుకున్న."

"అయ్యో అక్కా!" అంది ఆ పిల్ల. ఆ గొంతులో నవ్వుంది, నీరసముంది. "ఎక్కొచ్చు. ఏం గాదు. మా నడిచెటోళ్లు గూడ ఎండెక్కితె ట్రాక్టర్లు ఎక్కుతరు. గుట్ట కింద దిగి మెట్లు మాత్రం నడుస్తరు. అమ్మ ఏమనదు. సదువుకున్నోళ్లు, మీకు నియమాలు ఎక్కువుంటయేమో."

"నేను బడికి పోలేదమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"నిజంగనా? మరి సదువు రాదా?"

"వస్తది. ఇంట్ల మా బాపు నేర్పిండు."

"ఇంట్లనా? బడి లేకుంటనా?" గొంతు మారింది. "ఎట్ల నేర్పిండు అక్కా? మాట రానోళ్లకు గూడ నేర్పొచ్చా?"

నాకు తెలియదని చెప్పాను. మట్టిలో వేలు పట్టి రాయించేవాడని, ముందు మా ఇంటి సామాన్ల పేర్లు రాయించేవాడని చెప్పాను. అంతా శ్రద్ధగా వింది. మధ్యలో ఒకసారి మాట ఆపి ఊపిరి తీసుకుంది. అంతసేపు ఆమెతో మాట్లాడించడం కూడా తప్పే అని అప్పుడు తట్టింది.

"నువ్వు నీళ్లన్న తాగమ్మా" అన్నాను. "అమ్మ ఏమనదు అంటివి గదా."

"నువ్వెక్కినంక తాగుత. ఇంతసేపు ఉన్న, గింతసేపు ఉండనా? నువ్వు జెర నీడకు కూసో. కాళ్లు కాలినయో ఏమో."

ఫోన్ పెట్టేశాక వదిన నా చేతికి సీసా ఇచ్చింది. తాగలేదు. "మల్ల మొదలువెట్టినవా?" అంది. "నువ్వు తాగకుంటె ఆమె దూప తీరుతదా?" కోపంగా అన్నది. ఆమె మాట నిజం. తాగాను. నీళ్లు ఉప్పగా అనిపించాయి.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. గుట్ట కింద దుకాణాల్లో పలకలు, బలపాలు, కొబ్బరికాయలు. అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లలు కొత్త బట్టల్లో నిద్రపోతున్నారు. వదిన చెప్పుల స్టాండు పక్కన ఒరిగి, వాళ్ల తమ్ముడికి, అంటే మా ఆయనకు, ఫోన్ చేసి బండి తెమ్మంది. "మీ ఆమె ఇయ్యాల తపస్సు చేస్తుంది" అని కూడా చెప్పింది. నేను వేళ్ల మధ్య ఎండిన పసుపును చూస్తూ కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నాకొచ్చిన ప్రార్థనల్లో ఎక్కువ భాగం కృతజ్ఞతలే. ఎండ తగ్గినందుకా? బొబ్బకు చల్లటి నీళ్లు దొరికినందుకా? ఒకరి నోటి దగ్గరి ముద్దను పొద్దున్నుంచీ ఆపి పెట్టినదాన్ని, ఏ నోటితో దేనికి కృతజ్ఞత చెప్పాలి?

ఆటో ఎక్కి ఉంటే ఆమె మధ్యాహ్నమే తినేది. అంత చిన్న లెక్క. ఆ లెక్కలో నా పాదాల పవిత్రతకు చోటు లేదు. ఆ అమ్మ మెట్ల మీద నా కాళ్లు పడితే చాలునని ఆ పిల్ల నమ్మింది, ఆ కాళ్లు ఎట్లా వచ్చాయో అడగలేదు. అడిగిందంతా నేనే.

తలుపులు తీసిన గంట వినబడగానే లేచాను. మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. వదిన రెక్క పట్టుకుంది. మెట్లు ఎక్కాం. నాకు ముందు వరుసలో పిల్లల్నెత్తుకున్న తల్లిదండ్రులు. లోపలికి పోయాక చేతులు జోడించాను. ఆ పాపకు మాట రావాలని అడిగాను, ఆమె తరఫున. నా తరఫున ఏమీ అడగలేదు, చెప్పలేదు. పూజారి కుంకుమ పెడుతూ "మీ పేరు మీద అర్చన చేయాలా?" అన్నాడు. తల అడ్డంగా ఊపి బయటికి వచ్చేశాను.

మంటపం బయట నిలబడి ఫోన్ చేశాను.

"ఎక్కినమ్మా. అమ్మను చూసిన. బిడ్డ గురించి చెప్పిన."

"చెప్పినవా? నీ కాళ్లకు మొక్కుత అక్కా" అంది. నేను వద్దు వద్దంటుంటే వినలేదు. "నా కోసం గంత దూరం తొక్కినవు. నీ మేలు మర్చిపోను. ఉండు, కట్ చెయ్యకు."

చెంబు ఎత్తిన చప్పుడు, నీళ్లు గుటగుటా మింగిన చప్పుడు వినబడ్డాయి. ఒకసారి పొలమారి దగ్గింది. ముసలమ్మ "మెల్లగ తాగే" అని కసిరింది. తర్వాత పళ్లెం. ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయింది. మాటలు అన్నంలో కలిసిపోయాయి. నన్ను క్షమించమని అడుగుదామని చెవికి ఫోన్ నొక్కుకుని నిలబడ్డాను. ఆమె నమలడం ఆగితే అడుగుదామని. అది ఆగడం లేదు. ఆకలిగొన్న మనిషి తినే తీరులో తింటోంది, ఎవరూ వినడం లేదన్నట్టు.

వదిన నా భుజం తట్టింది.

"పెట్టెయ్యి ఇగ. ఆమెను తిననియ్యి."

పెట్టేశాను.